బిడ్డ తూకము – ఇంటి తూకము

చోరనూరులో జొన్నలు, వేరుసెనగ కొని అమ్ము ఏ అంగడిలో చూచినను కాటాకు విశ్రాంతి ఉండదు. బస్తా దిగినంతనే తూకము. లారీకి ఎక్కించుటకు ముందు మరల తూకము. తూనికలు కొలతల శాఖవారు వచ్చి ముద్ర సరిచూచి పోవుదురు. పావుకిలో తేడా వచ్చినను రైతు ఊరుకొనడు. వర్తకుడు అంతకన్న ఊరుకొనడు. ఇంత తూకము నడచు ఇంటిలో "మీ పిల్లవాని బరువెంత?" అని అడిగినచో మాత్రము ఇంటిల్లిపాదియు ఒకరి మొగము ఒకరు చూచుకొందురు. "వానికేం, గుండ్రంగా ఉండాడు" అని అవ్వ అనును. "బాగానే తింటాడు" అని తల్లి అనును. ఎంత అని ఎవరును చెప్పరు. ఎత్తు సంగతి ఇక అడుగనే అక్కరలేదు.

బిడ్డ బరువునకును, ఆ బిడ్డ పెరుగు ఇంటి స్థితికిని, బిడ్డ క్షేమమునకును గల సంబంధము పెద్ద నగరములలోని వైద్యులకు మాత్రమే పట్టిన విషయమని చాలమంది తలతురు. అంగడి మెట్ల మీద కూర్చుండి వీధిలో పోవు పిల్లలను చూచినను అది కొంత బోధపడును.

చోరనూరు బళ్ళారి జిల్లా సండూరు తాలూకాలో ఒక హోబళి కేంద్రము. 1953 అక్టోబరు 1న పాత బళ్ళారి జిల్లా చీలి, ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రములో నిలిచినవి. బళ్ళారి మైసూరు రాష్ట్రములో చేరెను. పటము మీద గీత గీసినంత మాత్రమున నోటి మాట మారదు. కాగితము కన్నడములోను, బేరము తెలుగులోను నడచు ఇండ్లు ఈ సరిహద్దున నేటికిని కలవు. తాలూకాలో ఒకవంక మెట్ట సేద్యము, మరియొకవంక ఇనుప ఖనిజపు కొండలు. వర్తకులు, రైతులు, కూలీలు, గనుల పనికి పోవువారు, మూటలు మోయు హమాలీలు – వీరందరి పిల్లలును ఒకే వీధిలో ఆడుకొందురు.

ఇట్టి ఊరిలోని ఒక అంగడిని మనసులో నిలుపుకొందము. బడికి సెలవు దినము. అంగడి యజమాని కొడుకు, హమాలి కొడుకు, ఇద్దరికిని తొమ్మిదేండ్లు నిండినవి, ఆటగా కాటా పలక మీదికి ఎక్కిరి. మొదటివాడు 41 కిలోలు తూగెను, రెండవవాడు 20. చుట్టునున్నవారు నవ్విరి. "ఒక సేటు కొడుకుకు ఇద్దరు హమాలి కొడుకులు, తూకం సరిపోయిందిలే" అని ఒక పెద్దమనిషి హాస్యమాడెను. యజమాని కొడుకు దిగి మాటాడక లోపలికి పోయెను. తరువాత చాల దినములు కాటా ఉన్నవైపు రాలేదు. హమాలి కొడుకు మరునాడు మరల వచ్చి ఎక్కెను. ఈమారు నిక్కరు జేబులో అరకిలో రాయి వేసుకొని వచ్చెను.

ఆ నవ్విన పెద్దలను అడిగినచో, ఒకడు బాగున్నాడనియు ఒకడు బాగులేడనియు చెప్పుదురు. కలిగిన ఇంటి బిడ్డ బొద్దుగా ఉండుట లక్ష్మీకళ అని మన పక్కల నాటుకొన్న అభిప్రాయము. కరవు కాటకములు తరచుగా వచ్చు ఈ సీమలో అట్టి అభిప్రాయము పుట్టుట వింత కాదు. ఒంటిమీది కండ ఇంటిలోని ధాన్యమునకు సాక్ష్యముగా నిలిచిన కాలమది. కాని ఆ ఇద్దరు పిల్లలను గోడకు నిలిపి ఎత్తు కూడ కొలిచినచో లెక్క వేరుగా తేలును. యజమాని కొడుకు 132 సెంటీమీటర్లు. ఆ వయసునకు ఎత్తు సరిగానే ఉన్నది. ఆ ఎత్తునకు బరువు మాత్రము పది కిలోలకు పైగా హెచ్చు. హమాలి కొడుకు 119 సెంటీమీటర్లు. చూచువారు వానిని బక్కవాడందురు గాని, 119 సెంటీమీటర్ల పిల్లవానికి 20 కిలోలు మరీ అంత తక్కువ కాదు. వానికి కొరతపడినది ఎత్తు. ఆ కొరత నిన్న మొన్న పడినది కాదు. వాడు నడక నేర్చుటకు ముందే, చాలవరకు తల్లి కడుపులో ఉండగనే మొదలైనది.

సరుకు ధర ఒక్కటే చెప్పి ఎంతకో, ఏ రకమునకో చెప్పనిచో వర్తకుడు బేరము చేయునా? బిడ్డ బరువు కూడ అట్టిదే. వయసు, ఎత్తు, బరువు మూడును కలిసినప్పుడే ఆ అంకెకు అర్థము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో చిన్నపిల్లల పెరుగుదలకు ఒక ప్రమాణము వెలువరించినది. బ్రెజిల్, ఘానా, భారతదేశము, నార్వే, ఒమన్, అమెరికా – ఈ ఆరు దేశములలో తల్లిపాలు త్రాగి, తగిన పోషణలో పెరిగిన పిల్లలను కొలిచి దానిని తయారుచేసిరి. మన దేశము నుండి ఢిల్లీ నగరపు పిల్లలను తీసుకొనిరి. తగిన పోషణ కలిగినచో అయిదేండ్లలోపు పిల్లలు ఏ దేశమువారైనను ఇంచుమించు ఒకే తీరున ఎదుగుదురని అందులో తేలినది. కనుక "మా వంశమే పొట్టి" అను సమాధానము కొందరి విషయములో నిజమైనను అందరి విషయములోను చెల్లదు. పుట్టినప్పటి బరువు అయిదవ నెలకు సుమారు రెండింతలు, ఏడాదికి మూడింతలు కావలెను. అయిదేండ్లు నిండునప్పటికి సుమారు 18 కిలోలు, 110 సెంటీమీటర్లు. ఆపైన యుక్తవయసు వచ్చువరకు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు, రెండు మూడు కిలోలు. ఇవి నడిమి లెక్కలు. అటునిటు కొంత తేడా ఉండును.

వయసునకు తగిన ఎత్తు లేకపోవుటను గిడసబారుట అందురు. ఎత్తునకు తగిన బరువు లేకపోవుట కృశించుట. మొదటిది ఎన్నో నెలల, ఏండ్ల కొరతకు గుర్తు. రెండవది ఇటీవలి ఆకలికో, జబ్బునకో గుర్తు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడత, 2019–21 లెక్కల ప్రకారము కర్ణాటకలో అయిదేండ్లలోపు పిల్లలలో 100కి 35 మంది గిడసబారినవారు, 19 మందికి పైగా కృశించినవారు. ఆంధ్రప్రదేశ్‌లో గిడసబారినవారు 31, తెలంగాణలో 33. అంతేగాక కర్ణాటకలో 6 నెలలు మొదలు 5 ఏండ్లలోపు పిల్లలలో 100కి 65 మంది రక్తహీనులు. ఈ చివరి దానిని ఏ కాటాయు చూపలేదు. బొద్దుగా ఉన్న బిడ్డ కూడ రక్తహీనుడై ఉండవచ్చును.

ఇక ఇంటి స్థితి సంగతి. 2016–18 మధ్య దేశమంతట జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో మిక్కిలి పేద ఇండ్ల చిన్నపిల్లలలో 100కి 49 మంది గిడసబారినవారని, మిక్కిలి కలిగిన ఇండ్లలో 19 మంది అని తేలినది. వర్తక కుటుంబములు ఈ రెండంకెలను విడివిడిగా చదువవలెను. మొదటిది చూచి జాలిపడుట సులభము. రెండవదాని వద్ద ఆగుట కష్టము. ధాన్యమునకు, నేతికి, పాలకు కొదువ లేని ఇండ్లలో అయిదుగురిలో ఒక బిడ్డ ఎందుకు గిడసబారవలెను?

ఈ ప్రశ్నకు కొంత సమాధానము మన పక్క జిల్లాల నుండియే వచ్చినది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో యంగ్ లైవ్స్ అను పెద్ద పరిశీలన మొదలైనది. అప్పటికి ఏడాది ప్రాయపు పిల్లలు సుమారు 2,000 మందిని, ఎనిమిదేండ్ల పిల్లలు సుమారు 1,000 మందిని ఎన్నుకొని, వారు పెరిగి పెద్దవారగువరకు కొన్ని ఏండ్లకొకసారి పోయి ఎత్తు, బరువు, చదువు, ఇంటి సంగతులు అడిగి వ్రాసికొనుచు వచ్చిరి. అనంతపురము, కడప జిల్లాలు కూడ అందులో ఉన్నవి. ఇంటి ఆదాయముతో పాటు తల్లి చదువు, కులము, పల్లెయా పట్నమా అనునవి, త్రాగునీరు, మరుగుదొడ్డి – ఇవన్నియు బిడ్డ ఎత్తులో కనబడినవి. చిన్ననాట గిడసబారిన పిల్లలు తరువాత బడి పరీక్షలలో వెనుకబడుట కూడ చూచిరి. అయితే వారిలో కొందరు పెరుగుచు కోలుకొన్నారనియు, మొదటి రెండేండ్లతోనే అంతయు ముగిసిపోదనియు అదే పరిశీలన చెప్పినది. అదను దాటిన విత్తనము కూడ వాన పడినచో కొంత మొలచును గదా.

తల్లి చదువు ముచ్చట ఇంకొంచెము చెప్పవలెను. దేశమంతటి లెక్కలలో బడి మొగము చూడని తల్లుల పిల్లలలో సుమారు సగము మంది గిడసబారినవారు. పన్నెండవ తరగతి దాటిన తల్లుల పిల్లలలో ఇంచుమించు నాలుగోవంతు. చదువు వలన అన్నము పెరుగదు. కాని ఏ జ్వరమునకు ఆసుపత్రికి పోవలెనో, ఆరు నెలలు నిండగనే తల్లిపాలతో పాటు మెత్తని తిండి మొదలుపెట్టవలెనని, ఆ తిండి పలుచని గంజి కారాదని తెలిసిన తల్లికి ఇంటిలో నోరెత్తి చెప్పగల ధైర్యము కూడ ఉండవలెను. చిన్నవయసున పెండ్లియైన పిల్లకు ఆ ధైర్యము ఎక్కడిది? కర్ణాటకలో 2019–21 నాటికి 20–24 ఏండ్ల స్త్రీలలో 100కి 21 మందికి పదునెనిమిది నిండక మునుపే పెండ్లి జరిగినది.

హమాలి ఇంటి లెక్క వేరు విధముగా నడచును. ఆ ఇంటి ఆదాయము తక్కువ అనుటకన్న నిలుకడ లేనిది అనుట సరి. వాన కురిసినచో కూలి దొరకును, లేనిచో లేదు. 2011 జూలైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లా గనుల పని నిలిపివేయుమని ఆజ్ఞ ఇచ్చినప్పుడు సండూరు ప్రాంతమున లారీలు ఆగెను. లారీలతో పాటు డ్రైవరు, క్లీనరు, హోటలు, టైరు పంచరు అంగడి ఆగెను. గనుల అక్రమములను అరికట్టుట అవసరమే, అందులో వాదు లేదు. తరువాత నియమములతో కొన్ని గనులు తెరచుకొన్నవి. అయినను కూలి ఆగిన నెలలలో ఏడాది బిడ్డగా ఉన్న పిల్లవానికి ఆ నెలలు మరల రావు. పెద్దవాడు నాలుగు నెలలు అరకడుపుతో ఉండి అయిదవ నెల పుంజుకొనును. ఏడాది బిడ్డ ఎముకలో ఆ నాలుగు నెలలు మిగిలిపోవును.

కొంచెము తిండి, తగిన సమయమున, ఎంత పని చేయగలదో హైదరాబాదు పల్లెలలో చూచిరి. జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ సంస్థవారు 1987–90 మధ్య నగరమునకు చేరువనున్న 29 పల్లెలను తీసుకొనిరి. పదిహేను పల్లెలలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడి ద్వారా మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా వండి పెట్టిరి. తక్కిన పల్లెలకు ఆ పథకము అప్పటికి చేరలేదు. ఆ పిల్లలు పదమూడు మొదలు పదునెనిమిదేండ్లవారైన తరువాత, 2003–05లో మరల పోయి కొలువగా, ఉప్మా తిన్న పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు. పొడవు స్వల్పమే. కాని వారి రక్తనాళములు మృదువుగా ఉన్నవి, చక్కెర వ్యాధికి దారితీయు లక్షణములు తక్కువగా ఉన్నవి. ఒక గరిటెడు ఉప్మా పదిహేనేండ్ల తరువాత గుండె పక్కన లెక్క చెప్పినది. వడ్డీ లెక్క తెలిసినవారికి ఇంతకన్న వివరించనక్కరలేదు.

ఇప్పుడు యజమాని కొడుకు వద్దకు మరల రావలెను. 2015–16 నాటి జాతీయ సర్వేలో దేశపు జైన కుటుంబములలో 100కి 70కి పైగా మిక్కిలి కలిగిన అయిదోవంతులో ఉన్నవి. చదువులోను, 2001 జనాభా లెక్కల ప్రకారము, జైనులు 100కి 94 మంది అక్షరాస్యులు. ఏ మతమువారికన్నను ఎక్కువ. ధనము, విద్య రెండును బిడ్డ క్షేమమునకు చాలినవైనచో ఈ ఇండ్లలో ఇక చెప్పవలసినదేమియు ఉండరాదు. అయితే అదే 2001 లెక్కలలో ఆరేండ్లలోపు పిల్లలలో దేశమంతట 1,000 మంది మగపిల్లలకు 927 మంది ఆడపిల్లలుండగా, జైనులలో 870 మంది మాత్రమే. ఉన్న బిడ్డల తూకము చూచుకొనునప్పుడు పుట్టనీయని బిడ్డలను మరచిపోరాదు. ఈ సంచికలో ఇది వ్రాయుట కొందరికి కష్టముగా తోచవచ్చును. అంకె మాత్రము జనాభా లెక్కలదే.

కలిగిన ఇంటి కోడలు ఎప్పుడు తినును? పొద్దు గ్రుంకుటకు ముందే భోజనము ముగియవలెనను నియమము ఉన్నది. అత్తమామలకు, అంగడి నుండి వచ్చు మగవారికి, పిల్లలకు వడ్డించి ఆమె కూర్చుండునప్పటికి పొద్దు వాలును. రెండు రొట్టెలు తొందరగా తిని లేచును. మరునాడు పొద్దెక్కు వరకు మరేమియు లేదు. ఆమె గర్భిణి అయినచో ఆ లోటు ఎవరి ఖాతాలో పడును? కూలికి పోవు తల్లి లేమి వలన తక్కువ తినును. ఈ తల్లి కలిమిలో తక్కువ తినును. పుట్టిన బిడ్డ రెండున్నర కిలోలకు తక్కువగా ఉండుటకు రెండు దారులును పోవును. రెండున్నర కిలోలనగా పాత లెక్కలో రెండు వీశెలు కూడ కాదు.

అట్టి బిడ్డల పెద్దరికము ఎట్లుండునో మైసూరులో తెలిసినది. అక్కడి హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆసుపత్రిలో 1934 నుండి పుట్టిన ప్రతి బిడ్డ బరువు, పొడవు నమోదు చేసి పుస్తకములు భద్రపరచిరి. 1934–54 మధ్య పుట్టి ఆ చుట్టుపక్కల నివసించుచున్న 517 మందిని పరిశోధకులు వెదకి పరీక్షించి 1996లో ఫలితము ప్రకటించిరి. రెండున్నర కిలోలు, అంతకు తక్కువ బరువుతో పుట్టినవారిలో 100కి 11 మందికి గుండె రక్తనాళముల జబ్బు ఉండగా, 3.1 కిలోలకు పైబడి పుట్టినవారిలో 3 మందికే ఉన్నది. పుస్తకము పారవేయక దాచిన ఆసుపత్రి గుమాస్తాలకు ఈ శాస్త్రము చాల ఋణపడి ఉన్నది. పాత చిట్టాలు ఎందుకు దాచవలెనని అడుగు కుర్రకారుకు ఈ సంగతి చెప్పవచ్చును.

పూనాలో డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్ గారు మరియొక విశేషము చూపిరి. అక్కడి పల్లెల శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండు శిశువులది 3.5 కిలోలు. మన శిశువులకు కండ తక్కువ, అవయవములు చిన్నవి. కొవ్వు మాత్రము అంతగా తగ్గలేదు. చూచుటకు సన్నము, లోపల కొవ్వు. ఇట్లు పుట్టిన బిడ్డకు తరువాత మిఠాయి, నెయ్యి, కూర్చున్న చోట టీవీ, ఫోను దొరికినచో ఆ బరువు నడుము చుట్టు చేరును. ముప్పదేండ్లకే చక్కెర వ్యాధి, నలువదికే గుండెపోటు అని వర్తక కుటుంబములలో వినబడు మాటకు మూలము గల్లా పెట్టె దగ్గర మాత్రమే వెదకుట చాలదు. పురిటి గదిలో కూడ వెదకవలెను.

అదే పూనా పరిశోధనలో బి-12 అను విటమిన్ సంగతి కూడ బయటపడినది. గర్భిణికి ఇది కొరవడినచో బిడ్డకు మున్ముందు చక్కెర వ్యాధి లక్షణములు హెచ్చు. శాకాహారములో ఇది పాలు, పెరుగు, మజ్జిగలలో తప్ప ఇంచుమించు లేదు. పప్పులో లేదు, ఆకుకూరలో లేదు, పండ్లలో లేదు. కావున శాకాహార నియమము పాటించు ఇంటిలో గర్భిణికి, పిల్లలకు పాలు పెరుగు తగ్గించరాదు. పాలు కూడ మానుకొన్నవారు వైద్యుని అడిగి మాత్రలు వాడవలెను. ఈ విటమిన్‌ను సూక్ష్మజీవుల ద్వారా తయారు చేయుదురు గనుక నియమమునకు భంగము లేదు. ఎదిగే పిల్లల ఉపవాసముల విషయములో కూడ పెద్దలు జాగ్రత్త వహించవలెను. తపస్సునకు తెలిసి ఒప్పుకొను వయసు ఉండవలెను. పదేండ్ల బిడ్డ దీర్ఘోపవాసమునకు పూనుకొన్నచో ఊరేగింపు మాట తలపెట్టుటకన్న వైద్యుని పిలిచి ఆపుట మేలు.

బరువు వలన కలుగు బాధ దేహముతో ముగియదు. కాటా దిగి లోపలికి పోయిన పిల్లవానిని ఎవరును కొట్టలేదు, తిట్టలేదు. వాడు మాత్రము మరునాటి నుండి ఆటలో గోలుకీపరుగా నిలువబడును, పరుగెత్తు ఆటకు పోడు. ఆటకు పోని కొలది బరువు హెచ్చును. బడిలో "బొండాం" అని పిలుపు. ఇంటిలో ఒక పూట "తినకు" అని గద్దింపు, మరుపూట "పాపం, మాడిపోతాడు" అని అవ్వ చేతి లడ్డు. రెండింటి నడుమ వానికి తన దేహము మీద తనకే సిగ్గు. హమాలి కొడుకునకు "పుల్ల" అని పేరు. జేబులోని అరకిలో రాయి ఆ పేరుకు వాడిచ్చిన జవాబు. పైకెదుగు ఆడపిల్లల విషయములో ఇది ఇంకను కష్టము. పెండ్లి సంబంధములు చూడవచ్చు బంధువులు పిల్ల బరువును ఆమె ఎదుటనే ఎంచుదురు. పిల్ల మధ్యాహ్నపు డబ్బా తినక వెనుకకు తెచ్చుట తల్లికి చాల దినముల వరకు తెలియదు.

ఈ ఇద్దరు పిల్లలు కలిసికొను చోటు ఒకటి ఉన్నది. అంగడి ముంగిట దండలుగా వేలాడు అయిదు రూపాయల ప్యాకెట్లు. యజమాని కొడుకునకు అవి ఊరకే దొరకును. హమాలి కొడుకునకు తల్లి పనికి పోవుచు చేతిలో పెట్టిన అయిదు రూపాయలకు దొరకును. ఉప్పు, నూనె, మైదా. ఒకనికి అది భోజనము పైన భోజనము. మరియొకనికి భోజనమునకు బదులు. ఒకే ప్యాకెట్టు ఒకనిని లావెక్కించి ఒకనిని గిడసబార్చుట వింతగా తోచును గాని, లెక్క సరిగానే ఉన్నది. దానిని అమ్ము వర్తకునకు లాభము తక్కువ, గిరాకి ఎక్కువ. అమ్మకము మానుకొమ్మని చెప్పుట సులభము, మానుట కష్టము. అదే దండ పక్కన వేరుసెనగ బెల్లపు ఉండల సీసా, వేయించిన సెనగల సీసా కంటికి ఎదురుగా పెట్టుట కష్టము కాదు. ఈ సీమలో వేరుసెనగ దొరకదని ఎవరనగలరు?

కర్ణాటక ప్రభుత్వము 2013 ఆగస్టు నుండి క్షీరభాగ్య పథకము క్రింద బడిపిల్లలకు పాలు పోయించుచు వచ్చినది. 2021 డిసెంబరులో బళ్ళారి మొదలగు జిల్లాల బడులలో మధ్యాహ్న భోజనముతో కోడిగ్రుడ్డు, తిననివారికి అరటిపండు ఇచ్చుట మొదలుపెట్టిరి. గ్రుడ్డు విషయమున అప్పుడు రాష్ట్రములో గట్టి వాదోపవాదములు జరిగినవి. జైన గృహములలో అది వర్జ్యము. ఆ ఇంటి పిల్లలు అరటిపండు తీసికొందురు, సందేహము లేదు. తన ఇంట వర్జించుట ఒక సంగతి. పొరుగు బిడ్డ పళ్లెములో ఉన్నదానిని గూర్చి తీర్పు చెప్పుటకు ముందు ఆ బిడ్డ ఎత్తు కొలిచి చూచుట న్యాయము. అది నచ్చనివారికి వేరు దారి మూసికొనిపోలేదు. పాలు, పెసలు, పప్పు, వేరుసెనగ, బెల్లము వర్తకుని చేతిలోని సరుకులే. మూట మోయు మనిషికి పండుగనాడు ఇచ్చు మామూలులో అతని భార్య గర్భిణి అయినప్పుడు నెలకింత పప్పు, వేరుసెనగ చేర్చుట ఏ చిట్టాలోను పెద్ద పద్దు కాదు.

పిల్లలను కొలుచుట విషయములో అన్నిటికన్న చౌకయైన సాధనము ద్వారబంధము. తలమీద పలకముక్క సమముగా పెట్టి గీత గీయుటకు ఖర్చు లేదు. వర్తక కుటుంబములు దీపావళినాడు కొత్త పుస్తకము తెరచు అలవాటు కలవారు. ఆ దినమున పిల్లలను నిలువబెట్టి గీత గీసి, బరువు చూచి, కొత్త పుస్తకము కడపటి పుటలో తేదీతో వ్రాసికొనవచ్చును. నలుగురి ఎదుట తూచరాదు, అంకె బిగ్గరగా చదువరాదు. ఎత్తు కదలక బరువు కదలినను, రెండును కదలకపోయినను ఆ పుటను వైద్యునికి చూపవలెను. బరువు హెచ్చిన పిల్లవానిని పస్తు పెట్టి తగ్గించుట తగదు; వాని ఎత్తు ఇంకను పెరుగుచున్నది గనుక చాలమందికి బరువును నిలిపి ఉంచినచో ఎత్తు వచ్చి అందుకొనును. అందుకు వాడొక్కనికే వేరు వంట పెట్టక ఇంటిల్లిపాది తిండిని మార్చవలెను.

మనసులో నిలుపుకొన్న ఆ అంగడిలో ఇప్పుడు గల్లా పక్క గుంజకు బొగ్గుతో గీసిన గీతలు రెండు వరుసలుగా ఉన్నవి. ఒక వరుస పైన సేటు కొడుకు పేరు, రెండవదాని పైన హమాలి కొడుకు పేరు. గీతలు గీయునప్పుడు ఇద్దరును మడమలెత్తుదురు. గుమాస్తా వంగి చూచి మడమలు దింపించును. కాటా ఎక్కుటకు పెద్దవాడు ఇంకను ఒప్పుకొనుట లేదు. గుంజ దగ్గరికి మాత్రము ఇద్దరును పిలువకనే వచ్చుచున్నారు.